ఎడమ పెడలు లేని సైకిలు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ డైరీ నాది కాదు. మందుల కంపెనీవాళ్ళెవరో మా హాస్టలు వార్డనమ్మకు ఇచ్చినారంట. ఆమె నాకు ఇచ్చి, "మారెక్కా, వంటింటి సరుకులు రాసుకో" అనింది. ఇరవై ఏండ్లుగా నూరుమంది ఆడపిల్లలకు వండుతాండా, సరుకులు నా తలకాయలోనే ఉండాయి. దీంట్లో వేరేది రాసుకుంటా. ఎనిమిదో తరగతి తప్పినదానికి డైరీ ఎందుకని ఎవరన్నా అడిగితే, ఎనిమిది గట్టెక్కినోళ్ళు ఏం రాసి ఉద్ధరించినారో చూపించమంటా.

రాయల్సింది ఒకటే మాట. ఈ పొద్దు బావ నన్ను "బాగుండారా అమ్మా" అన్నాడు.

ఉండారా. నన్ను.

మా అక్క ఓబమ్మ మొగుడు ఓబుళేసు. నాకు బావ. ఇరవై ఏడేండ్లుగా నన్ను "ఏమే మారీ", "ఏమే దెయ్యమా", "ఏమే చింపిరి జుట్టుదానా" తప్ప ఇంకొక మాటతో పిలిచింది లేదు. ఇప్పుడు "బాగుండారా అమ్మా" అంట. తెచ్చిన సంగటి ముందర పెడితే, "ఆడ పెట్టండమ్మా, మీకెందుకు శ్రమ" అన్నాడు.

చెప్పు తీసి కొట్టింటే బాగుండు.

ఫిబ్రవరి 10

ఒకసారి రాసిపెడతా. మళ్ళీ రాయను.

డిసెంబరులో నేను బావ ఆకుకూరల గోతంలో తొండను ఏసినా. అంతే. బావామరదళ్ళమే కదా, ఏయకూడదా? నా పెండ్లిలో ఆయన నా చెప్పులు దాచి, అరటితొక్కలు పెట్టినాడు చూడు, ఆడ మొదలయింది. ఆయన గొడుగు మడతలో నేను పిడికెడు పసుపు పోసినా. మా అనంతపురంలో వాన పడేది ఏడాదికి నాలుగు రోజులు, ఆ నాలుగింటిలో ఒక రోజు ఆయన బుక్కరాయసముద్రం బస్టాండులో నలుగురి ముందర పసుపు పెండ్లికొడుకు అయినాడు. దానికి బదులు, నేను చచ్చిపోయినానని మా మేనత్తకు ఫోను చేసినాడు. ఆమె కణేకల్ నుంచి బస్సులో దోవంతా ఏడ్చుకుంటా వచ్చింది. వచ్చేసరికి నేను వాకిట్లో కూర్చోని చెనక్కాయలు ఒలుస్తాండా. అప్పుడు నన్ను కొట్టింది, బతికినందుకు.

ఇట్లాంటివి నూరు. ఎవరూ ఎవరి మీదా కోపం చేసుకోలేదు. మా వరసలో కోపం చేసుకుంటే ఓడిపోయినట్ల.

బావకు పామంటే భయం లేదు. తొండంటే మాత్రం మంచమెక్కుతాడు. ఆ పొద్దు చెరువు కింద తోటల్లో కూరాకు కట్టలు ఎత్తుకోని, సైకిలు మీద చెరువు కట్ట దిగుతాండాడంట. తొండ గోతంలోనుంచి బయటికొచ్చి వీపు మీదికి పాకింది. రెండు చేతులూ వదిలేసినాడు. కట్ట రాళ్ళ మీద పడినాడు. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. లోపల కంబీ వేసినారు. ఇంక ఆ కాలు వంగదని డాక్టరు చెప్పినాడు.

ఆ రాళ్ళు నేను పరిచినానా? కట్ట వాలుగా నేను కట్టినానా?

అక్క నన్ను ఏమీ అనలేదు. ఊర్లో కూడా ఎవరూ అనలేదు. బావామరదళ్ళ ఎగతాళికి పంచాయితీ ఉండదు. అట్లే, తప్పయిందని చెప్పే మాట కూడా మా వరసలో ఉండదు. నేను పోయి "తప్పయింది బావా" అంటే, ఇంకేదో పన్నినానని మంచం కింద చూసుకుంటాడు.

చూసుకున్నా బాగుండు. చూసుకోడు. "పర్వాలేదమ్మా" అంటాడు. అదే భయం నాకు.

భయం అని రాసినానా? కొట్టేసేకి రబ్బరు లేదు. ఉండనీ.

ఫిబ్రవరి 14

బావ ఇరవై ఎనిమిదేండ్లు సైకిలు మీద అనంతపురం పాతూరు సందుల్లో కూరాకు అమ్మినాడు. ఇప్పుడు మంచం మీద కూర్చోని ఈగలు లెక్కపెడతాడు. మోపెడ్ తీసుకోమని అందరూ చెప్పినారు. "అప్పు బండి ఎక్కను. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె మాదిరి తిప్పమంటారు, రెండు కాళ్ళుండినప్పుడే తిప్పలేదు" అన్నాడంట అక్కతో.

అది వాళ్ళ గొడవ. నేను రాయాలనుకున్నది వేరే.

టవర్‌క్లాక్ దగ్గర నీళ్ళ క్యాన్లు వేసే హనుమంతప్ప పోతాండాడు, సైకిలు మీదే, కానీ తొక్కకుండా. బర్రుమని శబ్దం, ఎనకాల పొగ. అడ్డం పోయి నిలబడినా.

"ఏమప్పా, సైకిలుకు ఏం పట్టింది?"

"ఇంజను కిట్టు అక్కా. పెట్టెలో వస్తాది. మన సైకిలుకే బిగించుకోవల్ల."

"లైసెన్సు?"

"సైకిలే కదక్కా" అని, పోలీసాయన ఎటు చూస్తాండాడో ఒకసారి చూసుకున్నాడు.

నేను కూడా ఒకటి కట్టించుకుంటా. నా కోసం. రోజూ ఊర్లోనుంచి హాస్టలుకు ఆటోలో కోళ్ళను కుక్కినట్ల కుక్కుతారు. నా నడుము నాకు ముఖ్యం. దీనికీ బావకూ ఏ సంబంధం లేదు, ముందే రాసిపెడుతాండా.

ఫిబ్రవరి 15

మా ఆయనకు చెప్పినా. "ఊ" అన్నాడు. మిల్లులో వాచ్‌మన్ ఆయన. మాటలన్నీ గేటు దగ్గర పెట్టి ఇంటికొస్తాడు.

ఫిబ్రవరి 17

సైకిలు షాపు యేసన్న దగ్గర గంటసేపు కూర్చున్నా. పంక్చరు, వెల్డింగు రెండూ చేస్తాడు. నాకంటే పదేండ్లు చిన్న, కానీ సైకిళ్ళ సంగతిలో మా నాయన మాదిరి మాట్లాడతాడు.

"రెండు రకాలు అక్కా. ఒకటి పెట్రోలు ఇంజను, ఒకటి కరెంటు మోటరు. ఇంజను అయితే మగోళ్ళ సైకిలే కావల్ల. మధ్యలో మూడు మూలల సందు ఉంటాది చూడు, దాంట్లో కూర్చుంటాది. ఆడోళ్ళ సైకిలుకు ఆ సందు ఉండదు."

"ఆడోళ్ళకు సందు యాడిచ్చినారు లేప్పా. ఇంకొకటి?"

"కరెంటుది చక్రంలోనే ఉంటాది. ఏ సైకిలుకైనా సరిపోతాది. శబ్దం రాదు, పొగ రాదు. మెల్లగా పోతాది, లైసెన్సు అడగరు."

"శబ్దం రాకుంటే ఊరికి ఎట్ల తెలుస్తాది మారెక్క వస్తాండాదని?"

"నువ్వు వస్తే తెలీకపోయేదేముండాదక్కా" అన్నాడు. నోరు బాగానే తిరుగుతాది వీనికి.

మా ఆయన పాత సైకిలుకు ఇంజనే చెప్పినా. చీటీ పాడి ఎత్తినా. నా ఇష్టం.

ఫిబ్రవరి 18

బావ: "మీరు రోజూ రావద్దమ్మా, మీకు పనులుంటాయి."

ఫిబ్రవరి 28

పెట్టె వచ్చింది. తెరిస్తే నూనె కంపు, ఇనుప సామాన్లు, ఒక కాగితం. కాగితంలో బొమ్మలు తప్ప ఏదీ మన భాష కాదు. బొమ్మలు చూసి బిగించేకి చదువెందుకు? నేనూ యేసన్నా మధ్యాన్నం మొదలుపెట్టినాం. ఇంజను సందులో కూర్చుంది. ఎనక చక్రానికి రంపం మాదిరి పండ్లుండే బిళ్ళ ఒకటి బిగించల్ల, ఇంజను చైను దానిమీదనే తిరుగుతాది. చక్రం పుల్లల మధ్యలోనుంచి తొమ్మిది బోల్టులు పోవల్ల. ఎంత తిప్పినా ఎనిమిది సరిపోతే తొమ్మిదోది పుల్లకు తగులుతాది.

"బిళ్ళ వంకర" అన్నాడు యేసన్న.

"కంపెనీవాడు వంకరా, నువ్వు వంకరా" అని నేను.

అరగంట సుత్తి. అప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. నూరుమందికి ప్లేట్లు పెట్టేదాన్ని, ముందు మనుషులను లెక్కపెడతా, తర్వాత వడ్డిస్తా. సుత్తి పక్కన పెట్టి పుల్లలు లెక్కపెట్టినా. నలభై. కాగితం బొమ్మలో లెక్కపెట్టినా. ముప్పై ఆరు.

యేసన్న ఎప్పటినుంచి పుల్లలు వేస్తాండాడో అప్పటినుంచి మన నల్ల సైకిళ్ళ ఎనక చక్రానికి నలభై పుల్లలే. ముందర చక్రానికి ముప్పై రెండు. ఆయప్పకు ఎంత అలవాటంటే, ప్రపంచంలో ఎనక చక్రమంటే నలభై అనుకున్నాడు. చేతిలోదే కదా, లెక్కపెట్టనే లేదు.

"నవ్వుకో అక్కా, నవ్వుకో" అన్నాడు. నవ్వుకోలేదు. అలవాటైనది ఎవరికీ కనపడదు. ఇరవై ఏడేండ్లు ఒక మనిషి తిడతాంటే అది కూడా వినపడదు.

కొత్త రకం సైకిలు చక్రం ఒకటి, ముప్పై ఆరుది, తెచ్చి వేస్తానన్నాడు.

మార్చి 2

నడిపినా!

చెరువు కట్ట మీద. ముందు కొంగు బిగించి దోపుకున్నా. చేతి దగ్గర క్లచ్చి పట్టుకోని, కాళ్ళతో గట్టిగా తొక్కి, వేగం వచ్చినాక క్లచ్చి వదలల్ల. వదిలినా. బర్రుమనింది. సీటు కింద భూమి గుంజుకోని పోయింది. చెరువులో మిగిలిండే నీళ్ళలో కొంగలు లేచిపోయినాయి. గొర్రెలు కాసుకునే కుళ్ళాయప్ప కర్ర ఎత్తి "మారెక్కా, యాడికే?" అని అరిచినాడు. "ఢిల్లీకి!" అన్నా. నలభై ఆరేండ్లు వచ్చినాయి నాకు. ఇట్లాంటి సంబరం ఒకటి ఉంటాదని ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ.

కట్ట దిగే వాలు దగ్గర ఆపినా. ఎందుకు ఆపినానంటే, ఆపినా. ఆ రాళ్ళ దగ్గర.

మళ్ళీ పోదామంటే ఇంజను పలకదు. ప్రతిసారీ ముందు తొక్కల్ల. రెండు కాళ్ళతో తొక్కి వేగం తెస్తేనే అది బతుకుతాది. పైగా మగోళ్ళ సైకిలు, ఆ పైకమ్మీ మీదుగా కాలు ఎత్తి వేయల్ల. వంగని కాలు అయితే ఎట్ల ఎత్తుతారు? ఇంటింటికీ ఆగేదానికి, ఇంటింటికీ తొక్కితే ఎట్ల?

నడిపించుకోని ఇంటికి తెచ్చినా.

మార్చి 3

పెట్రోలు కంపు పడదు నాకు. అందుకే వద్దనుకున్నా.

మార్చి 4

శబ్దం కూడా ఎక్కువ. ఆ బర్రుమనే దాంట్లో "తోటకూరా, చుక్కకూరా" అని అరిస్తే మిద్దె పైనుండే ఆడోళ్ళకు ఏం వినపడతాది?

నేను కూరాకు అమ్మను కదా. ఊరికే రాసినా.

ఇంజను హనుమంతప్ప తీసుకున్నాడు, ఆయన దాంట్లో ఏదో అరిగిందంట.

మార్చి 8

కరెంటుదే తెప్పించమన్నా. యేసన్న నవ్వలేదు. తెలివైనోడు.

ఇప్పుడు సైకిలు. నా కూతురు రేఖకు బడిలో ఇచ్చిన సైకిలు పెరట్లో ఉండాది. ఆ పిల్ల ఇప్పుడు బెంగళూరులో నర్సు, దీనిమీద కోళ్ళు పడుకుంటాయి. ఆడపిల్లల సైకిలు, మధ్యలో కమ్మీ లేదు, ఎవరైనా ఎట్లయినా ఎక్కచ్చు. తుప్పు గీకి చూస్తే లోపల ఇనుము గట్టిది. షాకబ్జర్లుండే కొత్త సైకిలు ఒకటి యేసన్న చూపించినాడు, ఎర్రది, కండ్లకు బాగుండాది. కానీ ఆయనే అన్నాడు, "ముందు చక్రంలో మోటరు వేస్తే దాని ఇరుసు గట్టిగా తిప్పుతాదక్కా. చక్రాన్ని పట్టుకునే ఈ షోకు ఫోర్కు పగులుతాది. పాత ఇనుపదే మేలు."

"ముందరే ఎందుకు? ఎనక వేస్తే?"

"ఎనక వేస్తే ఇసుకలో జారదు. కానీ ఎనక బరువు ఏమన్నా వేస్తావా?"

"వేస్తా. గోతాలు."

"నీకెందుకు గోతాలు?"

"హాస్టలుకు ఉర్లగడ్డలు."

"హాస్టలుకు ఉర్లగడ్డలు ఆటోలో వస్తాయి కదా."

"నువ్వు మెకానిక్కా, సీఐడీయా?"

గోతం, మనిషి, మోటరు మూడూ ఎనకనే ఉంటే పుల్లలు తెగుతాయంట. అందుకని మోటరు ముందర. ఇరుసు కదలకుండా ఫోర్కుకు ఇనుప పట్టీ ఒకటి కొడతానన్నాడు. పెడలు తిప్పితే మోటరు సాయం చేసే రకం కొంచెం చవక. వద్దన్నా. పెడలుతో పని లేకుండా, కుడిచేతి బొటనవేలితో నొక్కితే పోయేది కావల్ల.

"నువ్వు తొక్కవా?" అన్నాడు.

"సోమరిదాన్ని" అన్నా.

మార్చి 12

బావ మధ్యాన్నం నిద్రపోతాడు. వంగని కాలు మంచం బయటికి కట్టె మాదిరి నిలబడుంటాది. పూలు కట్టే దారం తీసుకోని పోయి నడుము దగ్గరనుంచి మడమ దాకా కొలిచినా. ముడి వేసుకున్నా. పాదం వెడల్పు జానెడు కంటే రవంత ఎక్కువ.

తల ఎత్తితే అక్క వాకిట్లో నిలబడి చూస్తాండాది. చేతిలో చేట.

"ఏం చేస్తాండావే?"

"కొలుస్తాండా."

"ఎందుకు?"

"పాడె కట్టించేకి."

అక్క చేటలో రాళ్ళు ఏరుకుంటా చెప్పింది: "నిన్న ఎవరో వచ్చి, ఎట్ల పడినావప్పా అని అడిగినారు. నిద్రలేక కండ్లు మూతపడినాయని చెప్పినాడు. అందరికీ అదే చెప్తాడు. తొండ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు."

ఎవరు అనొద్దన్నారు? చెప్పుకోమను. ఊరంతా తిరిగి చెప్పుకోమను. తొండ వేసింది మారి అని దండోరా వేయించుకోమను.

దారం నలిగి ఉండ అయిపోయింది చేతిలో. ముడి మాత్రం ఊడలేదు.

మార్చి 19, ఉగాది

ఓళిగలు తీసుకోని పోయినా. వచ్చేటప్పుడు బావ పాత సైకిలు గంట విప్పి కొంగులో వేసుకోని వచ్చినా. పెద్ద గంట, ఇత్తడిది, పాతూరులో ఆ గంట వింటే ఆడోళ్ళు గిన్నెలు కడగడం ఆపి వస్తారు.

మాపిటాలకు వాళ్ళ ఇంటి ముందర రచ్చ. నేను గోడ ఈ పక్కనుంచి విన్నా.

"నా గంట! ఏ నాకొడుకు ఎత్తుకపోయినాడురా నా గంట! కాలు పోయిందని గంట కూడా పోవల్లనా? వాని చేతులు పడిపోను!"

ఎంత బాగుండిందో వినేకి! మూడు నెలల తర్వాత ఆ గొంతు. నా చేతులు పడిపోవల్లనంట.

కానీ నన్ను అడగలేదు. ఊర్లో ఏదన్నా పోతే ముందు నన్నే అడిగేవాడు. ఈసారి వీధికంతా తిట్టినాడు, నన్ను వదిలేసి.

మార్చి 24

సామాన్లు వచ్చినాయి. మోటరు ముందర చక్రంలోకి పోయింది. ఈసారి యేసన్న పుల్లలు మూడుసార్లు లెక్కపెట్టినాడు. నేను దగ్గినా.

తర్వాత ఎడమ పెడలు పీకేయమన్నా. దాన్ని పట్టుకునే కమ్మీతో సహా.

వెల్డింగు అద్దం పైకెత్తి చూసినాడు. "అక్కా, నీ ఎడమ కాలికి ఏమయింది?"

"ఏమీ కాలేదు."

"మరి?"

"నా సైకిలు. ఎడమ పెడలు నాకు నచ్చలేదు."

దారం తీసి ముందర పెట్టినా. సీటు నుంచి ఈ ముడి దాకా, ముందరికి చాపినట్ల, ఒక పాదం పట్టే ఇనుప తొట్టి మాదిరి వెల్డింగు చేయల్ల. మడమ జారకుండా ఎనక అంచు ఉండల్ల. ముందర చక్రం అటూ ఇటూ తిరిగినప్పుడు పాదానికి తగలకూడదు. సీటు ఎంత కిందికి పోతాదో అంత దించల్ల, కుడికాలు నేలకు పూర్తిగా ఆనల్ల.

యేసన్న దారం తీసుకోని చూసినాడు. జానలు పెట్టి కొలిచినాడు. తర్వాత అద్దం కిందికి దించుకోని, "నీ కాలు బాగా పొడుగే అక్కా" అన్నాడు.

వెల్డింగు చేసిన దానికి రంగు కూడా వేసినాడు, దానికి దుడ్లు తీసుకోనన్నాడు.

మార్చి 27

హాండిలుకు గంట బిగించినా. నున్నగా తోమినా, చింతపండుతో.

కట్ట మీద నడిపినా. గోతంలో రెండు ఇసుక సంచులు పెట్టుకోని. ఎడమ కాలు చాపి తొట్టిలో పెట్టి, ఒక్కసారి కూడా వంచకుండా. ఎక్కడం, దిగడం, ఆపడం, మళ్ళీ పోవడం, అన్నీ కుడికాలుతోనే. రెండుసార్లు పడినా. మోచేయి గీసుకపోయింది. మూడోసారి వాలు దిగినా. ఆ రాళ్ళ దగ్గర బ్రేకు పట్టి చూసినా, పట్టింది. మళ్ళీ చూసినా. ఆరుసార్లు దిగినా ఆ వాలు. కుళ్ళాయప్ప గొర్రెలను వదిలేసి చూస్తా ఉన్నాడు.

"మారెక్కా, కాలు విరిగిందా?"

"విరగలేదు. విరిగిందనుకుంటాండా. నీకేం నొప్పి?"

మార్చి 29, ఆదివారం

తీసుకపోయినా.

బావ మంచం ముందర మూడు చుట్లు తిప్పినా, గంట కొడతా. ఆయన గొంతు పెట్టి అరిచినా: "తోటకూరా! చుక్కకూరా! నిన్నటి పాలకూరా! పురుగుల మెంతికూరా! తూకంలో మోసం, ఓబుళేసు కూరా!"

వీధిలో పిల్లాపెద్దా నవ్వినారు. అక్క కొంగు నోట్లో పెట్టుకుంది. బావ సైకిలును చూసినాడు. గంటను చూసినాడు. పెడలు లేని చోటు చూసినాడు. తొట్టి చూసినాడు. తన కాలు చూసుకున్నాడు.

"బాగుండాదమ్మా" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మనిషా, బండరాయా?

"అక్కా, మా ఇంట్లో ప్లగ్గు కాలిపోయింది. ఛార్జింగు ఈడనే పెట్టుకుంటా, బండి ఈడనే ఉంటాది" అని చెప్పి వచ్చేసినా. మా ప్లగ్గు బాగానే ఉండాది.

మార్చి 30

ముట్టలేదు.

మార్చి 31

ముట్టలేదు. దానిమీద తువ్వాల ఆరేసుకున్నాడంట.

ఏప్రిల్ 2

ముట్టకుంటే పోనీ. యేసన్నకు చెప్పి ఎడమ పెడలు మళ్ళీ బిగించుకుంటా. నా కోసమే కదా చేయించుకున్నది. మొదటి పేజీల్లో రాసే ఉండాది కావాలంటే.

తొండలు ఎన్ని బతుకుతాండాయో మా పెరట్లో. ఒకటి రాయి మీద కూర్చోని నాకు తల ఊపింది. చెప్పు విసిరినా. తగల్లేదు.

ఆ గోతం మూతి నేను వదులుగా కట్టినా. గట్టిగా కట్టింటే అది ఇంటికి పోయినాక బయటికొచ్చేది. ఇంటి దగ్గర రావల్ల అనే అనుకున్నా. ముడి వేసేటప్పుడు నవ్వు వచ్చింది, చేతులు సరిగా పనిచేయలేదు. మళ్ళీ రాయనన్నా కదా. ఇదే ఆఖరు.

ఏప్రిల్ 5

బ్యాటరీకి నాలుగు దీపాలు ఉంటాయి. నిన్న నేనే నిండుగా ఛార్జింగు పెట్టినా. ఈ పొద్దు చూస్తే రెండే వెలుగుతాండాయి.

ఎనక చక్రానికి చెరువు కట్ట ఎర్రమన్ను.

అక్కను చూసినా. అక్క రొట్టెలు తట్టుకుంటా, "కోళ్ళు తొక్కింటాయి" అనింది.

"అవును, ఈ మధ్య కోళ్ళు బాగా తొక్కుతాండాయి" అన్నా. బావ గోడ వైపు తిరిగి గురక పెడతాండాడు. ఇరవై ఏడేండ్లుగా ఆయన గురక తెలుసు నాకు. అది ఆయన గురక కాదు.

నేను గమ్మున ఛార్జింగు పెట్టి వచ్చినా.

ఏప్రిల్ 7

ఒక దీపం.

ఏప్రిల్ 9, గురువారం

తొందరగా రాస్తాండా. అక్షరాలు వంకర పోతే పోనీ.

పొద్దున హాస్టలుకు పోయేటప్పుడు అక్క పిలిచి రొట్టెల సంచి చేతికిచ్చింది. సంచి మూతి గట్టిగా కట్టుండాది, మూడు ముళ్ళు. నా కండ్లలోకి చూడలేదు. అప్పుడే అనుకోవల్ల నేను. అనుకోలేదు. ముసలిదాన్నయినా.

వంటింట్లో పొయ్యి మీద చిత్రాన్నానికి అన్నం దించి, రొట్టె తిందామని సంచి విప్పినా. చేయి పెట్టినా. రొట్టె కదిలింది.

తొండ. నా చేతి మీదుగా, భుజం మీదుగా, నెత్తి మీదికి. నేను అరిచిన అరుపుకు మేడ మీద ఆడపిల్లలు పరీక్ష గంట అనుకోని లేచినారంట. ఎనక్కి పోయి ఉర్లగడ్డల గంపలో కూలబడినా. గంప తిరగబడింది. ఉర్లగడ్డలు వంటింటి నిండా. వార్డనమ్మ పరిగెత్తుకోని వచ్చి ఒక ఉర్లగడ్డ మీద కాలు పెట్టి నా పక్కనే కూర్చుంది.

అప్పుడు ఎనక గేటు దగ్గర గంట. ఆ గంట.

లేచి పోయినా, నెత్తి మీద తొండతోనే.

బావ. ఎడమ కాలు తొట్టిలో చాపుకోని, కుడికాలు నేల మీద ఆనించి, రాజు మాదిరి. ఎనక గోతం నిండా పచ్చగా చుక్కకూర. మూతి గట్టిగా కట్టుండాది, చుట్టూ నాలుగు చుట్లు తాడు.

"చుక్కకూరా! పది కట్టలు కొంటే తొండ ఊరికే!"



"ఏమే మారీ! గంట దొంగా! ఆడోళ్ళ సైకిలు ఎక్కిస్తావా నన్ను? పాతూరులో ఆడోళ్ళందరూ, ఏమప్పా ఓబుళేసు, జడ యాడ అని అడిగినారే! నీ మూతికి వాతలు పెట్ట!"

"వాతలు తర్వాత పెట్టుదువు గానీ, దీన్ని ఎట్ల పట్టినావు బావా? నువ్వా?"

"మీ అక్క పట్టింది. నేను కండ్లు మూసుకోని సంచి పట్టుకున్నా" అన్నాడు. అప్పుడు కూడా నా నెత్తి వైపు చూడలేదు. గేటు స్తంభంతో మాట్లాడినాడు. "ముందు దాన్ని తీసి పారెయ్యే, నా వైపు ఎగురుతాది!"

పది కట్టలూ తీసుకున్నా. రెండు కట్టలు వాడినాయని గొడవ పెట్టుకున్నా. "నీ మొహమే వాడింది" అన్నాడు. బొటనవేలు నొక్కినాడు. శబ్దం లేకుండా పోయినాడు, సందు చివర మాత్రం గంట కొట్టినాడు, రెండుసార్లు.

వార్డనమ్మ అడిగింది, "ఎందుకు మారెక్కా ఏడుస్తాండావు?" అని. పొయ్యిలో పొగ అని చెప్పినా. మాది గ్యాసు పొయ్యి.

తొండను పారేయలేదు. నూనె డబ్బాలో వేసి ఇంటికి తెచ్చినా. మూతకు మేకుతో బొక్కలు కొట్టినా, గాలి ఆడల్ల కదా. రెండు చీమలు కూడా వేసినా.

ఈసారి బండి మీద ఉన్నప్పుడు కాదు. మంచం మీద పడుకున్నప్పుడు. మంచం పక్కన నేల మీద పరుపు కూడా వేసి పెట్టమని అక్కకు చెప్పి వచ్చినా.